బోటి కూరకు పంక్తిలో చోటు

ఈ పుటల్లో మామూలుగా విద్యావిధానంలోని లోపాల గురించో, నిరుద్యోగం గురించో, నేటి యువత కర్తవ్యం గురించో వ్యాసాలు వస్తుంటాయి. నాబోటి సైన్సు విద్యార్థి రాస్తే ఏ గ్రహాల గురించో, కంప్యూటర్ల గురించో రాయాలి కాబోలు. నేను మాత్రం బోటి కూర గురించి రాస్తున్నాను. నవ్వదలుచుకున్నవాళ్లు ఇక్కడే నవ్వేసి ముందుకు రండి. మన ప్రబంధాల్లో బోటి అంటే పడతి అని అర్థం గనక, తెలుగు లెక్చరర్లు ఆ అర్థంతో కాసేపు సంతోషించినా నాకు అభ్యంతరం లేదు.

తిండి మీద వ్యాసమేమిటి, కాగితం దండగ అనేవాళ్లకు నాదొకటే ప్రశ్న. ఈ ఏడాది మన విద్యార్థి సంఘం సమావేశాల్లో అన్నిటికంటే ఎక్కువసేపు చర్చ జరిగింది దేని మీద? లైబ్రరీ పుస్తకాల మీదా? బస్సు పాసుల మీదా? వార్షికోత్సవం విందులో ఏం పెట్టాలన్న దాని మీదే కదా! మాంసం ఉండాలని కొందరు, వద్దని కొందరు. మధ్యలో ఎవరో "బోటి పెట్టించండ్రా, చవగ్గా అందరికీ సరిపోద్ది" అంటే హాలంతా గొల్లుమంది. "వచ్చే అతిథులు ఏమనుకుంటారు? మనమేమన్నా సంతలో ఉన్నామా?" అన్నారొకరు. చివరికి ఒక రాజీ సూచన వచ్చింది. అందరికీ మీల్‌మేకర్ కూర వండించి, దాని ముందు 'వెజ్ మటన్' అని బోర్డు పెడితే ఏ గొడవా ఉండదట. ఈ రాజీ పైకి ఎంత మంచిగా కనిపించినా లోపల అన్యాయం ఉన్నదని నా అభిప్రాయం. అది చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా మిమ్మల్ని కొంచెం దూరం, స్కాట్లండ్ దాకా తీసుకుపోతాను. అక్కడివాళ్ల జాతీయ వంటకం పేరు హ్యాగిస్. అదేమిటో తెలిస్తే మన హాలులో నవ్వినవాళ్లు తెల్లబోతారు. గొర్రె గుండెకాయ, కార్జం, ఊపిరితిత్తులు సన్నగా తరిగి, ఉల్లిపాయలు, కొవ్వు, ఓట్స్ నూక, మిరియాల వంటి దినుసులు కలిపి, ఆ గొర్రె పొట్టలోనే కూరి, మూతి కట్టి, నీళ్లలో గంటల తరబడి ఉడకబెడతారు. (ఈ మధ్య పొట్టకు బదులు ఫ్యాక్టరీలో తయారైన తొడుగులు కూడా వాడుతున్నారు.) అంటే మన భాషలో చెప్పాలంటే అది కార్జం, బోటి, నూక కలిపిన ముద్ద కూర.

ఇది పేదల తిండిగా బతికిన కూర. మంచి ముక్కలు డబ్బున్నవాళ్లకు పోగా మిగిలినదాన్ని, అదీ తొందరగా చెడిపోయేదాన్ని, ఇంటిల్లిపాదికీ సరిపోయేటట్టు చేసుకునే ఉపాయం. ఓట్స్ కలపడంలోని కిటుకు అదే. కొంచెం మాంసం, ఎక్కువ గింజ. అటువంటి కూర మీద రాబర్ట్ బర్న్స్ అనే కవి 1786లో ఒక పద్యం రాశాడు. ఆయన రైతు కొడుకు, తానూ నాగలి పట్టినవాడు. ఫ్రెంచి వంటలు తిని మురిసిపోయే పెద్దల్ని ఎగతాళి చేసి, ఈ ముద్దను రాజును చేసి కూర్చోబెట్టాడు. ఆయన చనిపోయాక మిత్రులు 1801లో ఆయన జ్ఞాపకార్థం విందు చేసుకున్నారు. అప్పట్నించీ అది ఆచారమైంది. ఇప్పుడు ఏటా జనవరి 25న, ఆయన పుట్టినరోజున, ప్రపంచంలో స్కాట్లండువాళ్లు ఎక్కడున్నా సన్నాయి వంటి బ్యాగ్‌పైపు వాయిస్తూ హ్యాగిస్‌ను పళ్లెంలో ఊరేగించి తెస్తారు. కోటు తొడుక్కున్న పెద్దమనుషులు లేచి నిలబడతారు. దేనికి? గొర్రె కార్జానికీ పొట్టకూ!

అందరూ ఆదరించారని కాదు. ఊపిరితిత్తులు మనుషుల తిండికి పనికిరావని అమెరికా ప్రభుత్వం 1971లో నిషేధించింది. దాంతో సంప్రదాయం ప్రకారం చేసిన హ్యాగిస్‌కు ఆ దేశపు తలుపు మూతపడింది. అయినా స్కాట్లండువాళ్లు సిగ్గుపడి దాని పేరు మార్చుకోలేదు.

ఇక అసలు సంగతికి వద్దాం. 1984లో ఎడింబరోలో స్కాటిష్ పొయెట్రీ లైబ్రరీ ప్రారంభోత్సవం జరిగింది. ఆ విందులో శాకాహారులు కూడా కూర్చోవాలి కదా అని, మాక్స్వీన్ అనే మాంసం కొట్టు కుటుంబంవాళ్లు చిక్కుడు గింజలు, పప్పులు, క్యారెట్లు, పుట్టగొడుగులు, ఓట్స్ కలిపి శాకాహార హ్యాగిస్ తయారు చేశారు. అది జనానికి నచ్చింది, నిలబడింది. ఈ రోజు బర్న్స్ విందుల్లో రెండూ పక్కపక్కన వడ్డిస్తారు. శాకాహారి పళ్లెం ఖాళీగా ఉండదు. మాంసాహారి పళ్లెంలోంచి అసలు హ్యాగిస్‌ను ఎవరూ లాగెయ్యరు. శాకాహార హ్యాగిస్‌ను కనిపెట్టినవాళ్లు మాంసం అమ్మేవాళ్లే అన్న సంగతి గమనార్హం.

ఇప్పుడు మన గడ్డకు వద్దాం. మాది కూచిపూడి దగ్గర పల్లె. పామర్రు నుంచి చల్లపల్లి పోయే రోడ్డు మీద దిగి నడవాలి. కూచిపూడి అగ్రహారం పేరు చెబితే దేశంలో చేతులెత్తి నమస్కరిస్తారు. పక్కనే క్షేత్రయ్య పుట్టిన మొవ్వ. అగ్రహారంలో భాగవతుల ఇళ్లు శాకాహారం. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, కంద బచ్చలి, పనసకాయ దొరకని రోజుల్లో అరటికాయ. చుట్టూ ఉన్న మా ఊళ్లలో ఆదివారం వచ్చిందంటే మేకపోతు కొట్టు దగ్గర క్యూ. 2014 నాటి నమూనా నమోదు సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్లు దాటినవాళ్లలో నూటికి 98 మంది మాంసం తినేవాళ్లే. అయినా మన సభల్లో, విందుల్లో ఆ నూటికి 98 మంది తినే తిండిలోంచి కొన్ని ముక్కలకే పరువు.

ఆ మేకపోతు ఎలా పంచబడేదో మా నాయనమ్మ చెబుతుంది. తొడ, మెడ, పక్కటెముకలు ఆసాముల ఇళ్లకు. తలకాయ, కాళ్లు, పేగులు, పొట్ట పనిచేసినవాళ్ల ఇళ్లకు. కూలికి బదులుగా అదే వాటా అయిన రోజులు కూడా ఉన్నాయట. మాదీ వ్యవసాయ కుటుంబమే గనక ఆ ఆసాముల పక్షమే మాది. అయినా మా తాతయ్యకు బోటి అంటే ప్రాణం. మరి ఏం చేసేవాళ్లు? పెరట్లో వేపచెట్టు కింద వేరే పొయ్యి, వేరే చట్టి. తినే నోరు ఒకటే, వండే చోటు మాత్రం ఇంటి బయట. చుట్టాలొస్తే "ఏం వండారు?" అన్నదానికి "మాంసం" అనేవాళ్లు తప్ప బోటి అని నోరు తెరిచి చెప్పేవాళ్లు కాదు. ఈ వేరే చట్టి ఇంకా మన మనసుల్లోంచి పోలేదు. మా హాస్టల్లో ఒక మిత్రుడు సోమవారం పొద్దున ఇంటి నుంచి వస్తాడు. ఏం తిన్నావురా అంటే చికెన్ అంటాడు. వాడి క్యారేజీ మూత తీస్తే సంగతి తెలుస్తుంది. ఇరవై ఏళ్ల కుర్రాడు తన తల్లి చేతి వంట పేరు చెప్పడానికి అబద్ధమాడవలసి రావడం ఎంత శోచనీయం!

ఆ తల్లి పడే శ్రమ ఎంతో తెలుసునా? బోటి తెచ్చాక పొట్టను కోసి, లోపలి గడ్డి దులిపి, నీళ్లు మార్చి మార్చి కడగాలి. వేణ్నీళ్లలో ముంచి పైపొర గీకాలి. పేగుల్ని పుల్లతో లోపలి వైపు బయటికి తిప్పాలి. ఉప్పు, పసుపు వేసి రుద్దాలి. అప్పుడు ఉడకబెట్టి ఆ నీళ్లు పారబొయ్యాలి. ఇదంతా అయ్యేసరికి పూట గడుస్తుంది. అటు తర్వాత అల్లం వెల్లుల్లి, ధనియాలు, కారం. కొందరు గోంగూర వేస్తారు, కొందరు శనగపప్పు, చింతచిగురు రోజుల్లో చింతచిగురు. స్కాట్లండువాడు ఓట్స్ ఎందుకు కలిపాడో మన అమ్మలు శనగపప్పు అందుకే కలిపారు. సముద్రాలు దాటినా పేదరికం లెక్క ఒకటే, దాన్ని గెలిచే తెలివీ ఒకటే.

సైన్సు విద్యార్థిని గనక ఇక్కడ రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. మనం అసహ్యించుకునే ఆ మేక పొట్ట నిజానికి ఒక ప్రయోగశాల. మేక పొట్టలో నాలుగు గదులుంటాయి. మొదటి పెద్ద గదిలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు గడ్డిని పులియబెడతాయి. అవే బి12 విటమిన్‌ను కూడా తయారు చేస్తాయి. చెట్లకు అది చేతకాదు. మేక దాన్ని కార్జంలో నిలవ చేసుకుంటుంది. రక్తం విరిగిపోయే ఒక ప్రాణాంతకమైన పాండురోగానికి కార్జం తినిపిస్తే తగ్గుతుందని చూపించినందుకే 1934లో ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి వచ్చింది. కార్జంలోంచి బి12ను విడదీసింది 1948లో.

అంతమాత్రాన శాకాహారం తక్కువదనడం నా ఉద్దేశం కాదు. దీనికి ఎదురుగా ఇంకో కథ ఉంది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు 1928లో బొంబాయి వచ్చి, గర్భిణీ స్త్రీల రక్తహీనత మీద పరిశోధన చేసింది. కార్జంతో పాటు మార్మైట్ అనే ఈస్టు ముద్దతో కూడా ఆ రోగం నయమవుతుందని 1931లో ప్రకటించింది. మార్మైటులో మాంసం లేదు. ఆ రెంటిలో ఉన్న పదార్థమే ఫోలిక్ ఆమ్లం. 1941లో పాలకూరలోంచి దాన్ని తీసిన శాస్త్రజ్ఞులు ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో ఆ పేరు పెట్టారు. కొల్లేటికి అవతల భీమవరంలో 1895లో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లేడర్లే ప్రయోగశాలలో ఆ పదార్థం కోసం కార్జాన్ని శోధించారు. ఆయన బృందమే 1945లో దాన్ని కృత్రిమంగా తయారు చేసింది. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో పోయారు. ఆ జబ్బుకు ఫోలిక్ ఆమ్లం మందని తర్వాత తేలింది.

మిత్రులారా, ఆకులోనూ కార్జంలోనూ ఉన్నది ఒకటే మందు అని మన తెలుగువాడి ప్రయోగశాలే తేల్చాక, ఆకు తినేవాడు కార్జం తినేవాణ్ని చూసి ముక్కు మూసుకోవడమేమిటి? కార్జం తినేవాడు ఆకు తినేవాణ్ని చూసి మీసం దువ్వడమేమిటి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. మన క్లాసులో ముందు బెంచీల మీద కూర్చునే సోదరీమణులను కలుపుకునే ఈ లెక్క. ఇటువంటి రాష్ట్రంలో చవగ్గా దొరికే తిండిని నవ్వులపాలు చేయడం తెలివైన పని కాదు.

ఇక మీల్‌మేకర్ సంగతి. నూనె తీసేసిన సోయా పిండిని వేడితో, ఒత్తిడితో యంత్రంలోంచి నెట్టితే పీచుగా, స్పాంజిలా వచ్చే ముక్కలివి. ఇంచుమించు సగం బరువు మాంసకృత్తులే. చవక, నిలవ ఉంటుంది, మంచి తిండి. హాస్టలు మెస్‌లో దాని మేలు తెలియనివాళ్లెవరు? నాకు దానితో తగాదా లేదు. కాని మసాలా దట్టించి 'వెజ్ మటన్' అని పేరు పెడితే అది ఎవరికి న్యాయం చేసినట్టు? మాంసం ముట్టనివారికి మటన్ అన్న పేరే గిట్టదు. తినేవాడికి నోట్లో పెట్టుకోగానే మోసం తెలుస్తుంది. పైగా సోయాకు దానంతట దానికి బి12 లేదు. శాకాహారికి అది రావలసింది పాలూ పెరుగూలలోంచి. పేరు మారినంతలో గుణం మారదు కదా.

"స్కాట్లండువాళ్లూ పేరు అరువు తెచ్చుకున్నారు గదా, మనం చేస్తే తప్పా?" అని మీరడగవచ్చు. మంచి ప్రశ్నే. వాళ్లు హ్యాగిస్‌ను నెత్తిన పెట్టుకున్నారు గనక ఆ గౌరవంలో శాకాహారికీ వాటా ఇవ్వడానికి పేరు తెచ్చుకున్నారు. మనవాళ్లు బోటిని చూసి సిగ్గుపడి, దాన్ని కప్పెట్టడానికి పేరు వెతుకుతున్నారు. నకలు చేయడం నేరమేమీ కాదు. నకలు వచ్చి అసలును పంక్తిలోంచి లేపేస్తే మాత్రం నేరమే.

అసలు మన శాకాహారానికి అరువు పేర్ల అవసరమేమొచ్చింది? బెంగాలీలు పచ్చి పనసకాయను ముద్దుగా చెట్టు మేకపోతు అంటారు, అది వాళ్ల సరదా. మన పనసపొట్టు కూర ఏనాడూ నేను మాంసాన్నని చెప్పుకోలేదు. పొట్టు సన్నగా కొట్టి, చింతపండు పులుసులో ఉడికించి, దించాక ఆవ కలిపితే, ఆ ఘాటుకు ఏ మటన్ ఎదురు నిలుస్తుంది? మా డెల్టాలో వరి కోసిన మాగాణిలో ఆ తడికే మినుము చల్లుతాం. నీరు పెట్టనక్కర్లేకుండా పండే ఆ మినుములో నాలుగో వంతు మాంసకృత్తులే. ఆ మినప గారె నాటుకోడి పులుసులోనూ మునుగుతుంది, పెరుగులోనూ మునుగుతుంది. ఎవరి పక్కన కూర్చోవడానికీ దానికి అభ్యంతరం లేదు. మనకంటే గారే నయం!

కొందరి అభ్యంతరాలకు కూడా జవాబు చెప్పాలి. బోటి శుభ్రంగా ఉండదంటారు. కడగకపోతే ఉండదు, నిజమే. కడగని ఆకుకూరా ఉండదు. తాజా సరుకు తెచ్చి, బాగా కడిగి, బాగా ఉడికిస్తే భయం లేదు. కొలెస్టరాల్ ఎక్కువంటారు. అదీ నిజమే. రోజూ తినే కూర కాదిది, కీళ్లవాతం ఉన్నవాళ్లు దూరంగా ఉండటమే మంచిది. ఏడాదికొక విందుకు ఆ భయం అక్కర్లేదు. శాకాహారుల మనసు నొచ్చుకుంటుందంటారు. ఈ మాటను మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. వేరే గిన్నెలు, వేరే గరిటెలు, వేరే వంటవాళ్లు తప్పకుండా ఉండాలి. అది వాళ్ల హక్కు. కాని పక్కవాడి విస్తట్లో ఏముండకూడదో చెప్పే హక్కు ఇటువాళ్లకూ లేదు, అటువాళ్లకూ లేదు. అతిథులేమనుకుంటారో అన్నవాళ్లకు ఒక మాట. కూచిపూడి ఆటను కూడా వీధి భాగవతమేనని తేలిగ్గా చూసి, శాస్త్రీయమా కాదా అని 1950లలో వాదులాడినవాళ్లున్నారు. మనవాళ్లు పేరు మార్చుకోకుండా నిలబడ్డారు గనకే ఇవాళ ఆ పల్లె పేరే నాట్యం పేరైంది.

కనుక విద్యార్థి సంఘం వారికి నా మనవి ఇది. వచ్చే వార్షికోత్సవం విందులో ఒక వైపు ఆవ పెట్టిన పనసపొట్టు కూర, మినప గారెలు పెట్టండి. ఇంకో వైపు గోంగూర బోటి పెట్టండి. మీల్‌మేకర్ పెడితే మీల్‌మేకర్ అనే రాయండి. ప్రతి గిన్నె ముందూ దాని సొంత పేరు ఉండాలి. వంట సరిగ్గా వచ్చిన తల్లుల్ని పల్లెల నుంచి పిలిపించి, హోటలు వంటవాడికిచ్చే కూలే వాళ్లకూ ఇవ్వండి. వేదిక మీద ముఖ్య అతిథికి కప్పే శాలువాల్లో ఒకటి వాళ్లకు మిగల్చండి. కూర్చునే పంక్తి మాత్రం ఒకటే ఉండాలి.

ఖర్చు పెరుగుతుందని ఎవరూ అనలేరు, మటన్ కంటే బోటి చవక. పెరగవలసిందల్లా మన మనసు వైశాల్యం. ఆ రోజు నా హాస్టలు మిత్రుడు విస్తరి ముందు కూర్చుని "ఇటు బోటి వెయ్యండన్నా" అని గట్టిగా అడగగలిగితే, అతని పక్కన అగ్రహారం కుర్రాడు పనసపొట్టు కలుపుకుంటూ నవ్వుతూ కబుర్లు చెప్పగలిగితే, మన సంఘం ఈ ఏడాది చేసిన తీర్మానాలన్నిటిలోకీ అదే పెద్ద తీర్మానమవుతుందని నా నమ్మకం.